పురికొస

నేను ఎల్డోరెట్‌లో దిగిన రోజు
పరుపు నెత్తిన పెట్టుకుని గేటు దాకా వచ్చి ఆగిపోయాను.
లోపల అడుగు పెట్టే సందు లేదు.
నాలుగంతస్తుల మేడ ముందు, కార్లు ఆపే చోట,
గోడ నుంచి గోడ దాకా మొక్కజొన్నలు ఎండబోసి ఉన్నాయి.

"చెప్పులు విప్పి రా" అంది కోగో తప్రాండిచ్,
అద్దె సంగతి ఇంకా ఎత్తకుండానే.
"ఊరికే నడవకు. పాదాలతో తిరగేస్తూ రా."

నేను సరస్సు ఒడ్డు పిల్లని, ఎంబీటా మాది.
అమ్మ వలల మీద ఆరబోసిన ఒమేనా చేపలు
ఎండాయో లేదో చేత్తో చెప్పగలను.
గింజ సంగతి పంటికి తెలుస్తుందట.
కొరికి చూశాను. మెత్తగా దిగింది.
"ఇంకా రెండు ఎండలు" అంది ముసలమ్మ.
ఆ రెండు రోజులూ నా పరుపు మెట్ల కిందే పడుకుంది.

ఈ ఊరిని ఇక్కడివాళ్లు అరవై నాలుగు అంటారు.
దొరలు గీసిన పటంలో అరవై నాలుగో నంబరు కమతమట.
బ్యాంకులొచ్చాయి, ఆసుపత్రులొచ్చాయి,
నంబరు మాత్రం మటాటూ కుర్రాళ్ల నోట్లో ఉండిపోయింది:
"అరవై నాలుగు, అరవై నాలుగు, ఇద్దరే తక్కువ!"

కోగో కూడా అంతే.
మూడో గది అద్దెవాణ్ణి దూడల కొట్టం అంటుంది.
నా గది గోధుమ చివరి మడి.
నీళ్ల ట్యాంకు ఉన్న చోట ఒకప్పుడు పొగరుబోతు ఎద్దు;
కుళాయి రాని పొద్దున
"ఎద్దు అలిగింది" అని బిందె బోర్లించి పోతుంది.

నా పని సర్వేయర్ లగత్ దగ్గర.
గొలుసు పట్టడం, సుత్తి మోయడం, అంకెలు రాయడం.
ఏభై అడుగులు, నూరడుగులు. ఏభై, నూరు.
పొద్దున పొలంలోకి దిగితే
సాయంత్రానికి ప్లాట్లలోంచి బయటికొచ్చేవాళ్లం.
అబద్ధమెందుకు,
గూటం దిగే చప్పుడు నాకు నచ్చేది కూడా.

మార్చిలో ఒక సోమవారం జీపు ఆగింది.
దిగి చూస్తే అవతల మా మేడ వీపు,
తీగ మీద నేను ఆరేసిన పచ్చ గౌను.
కోగో మిగుల్చుకున్న మూడెకరాలు.
కొడుకులు సంతకాలు పెట్టారు, ఆమె వేలిముద్ర వేసింది.
నాకు చెప్పలేదు.
నేనేం పని చేస్తానో నేనూ సరిగ్గా చెప్పలేదు.
చెల్లుకు చెల్లు.

సొరబుర్ర తెచ్చింది. బొగ్గు వాసనేసే పుల్లటి ముర్సిక్
లగత్‌కు ఒక గ్లాసు, నాకొక గ్లాసు.
మూతి తుడుచుకునేలోగా "ఊఁ, కానీండి" అంది.

గూటానికీ గూటానికీ పురికొస బిగించాం.
వాన చూడని ఎర్రమట్టి మీద తెల్లటి గీత.
వంకర ఉందేమోనని లగత్ ఒక కన్ను మూసి చూశాడు.
అతని వెనకాల నిలబడి
కోగో కూడా ఒక కన్ను మూసి చూసింది.

అప్పుడు విప్పింది నడుముకు చుట్టిన లెసో మూట.
పురికొస వెంబడే జానెడుకో గుంట,
గుంటకు రెండు గింజలు,
మడమతో ఒక్క తొక్కు.
"అరవై ఏళ్లు కంటి అంచనాతో విత్తాను.
ఇంత తిన్నని సాలు ఒక్కటీ రాలేదు.
ఆ తాడు ఇటు జరుపు పిల్లా, రెండడుగులు."

లగత్ గడియారం చూసుకున్నాడు.
కాదనలేదు. వెళ్లి జీపులో కూర్చున్నాడు.
నేను జరిపాను.
ఆ సాయంత్రం, మర్నాడు, ఆ మర్నాడూ జరిపాను.
చెప్పులెప్పుడు విప్పానో గుర్తులేదు.

ఆగస్టులో కొన్నవాళ్లు వచ్చారు.
నిలువెత్తు పైరు, కంకులకు పీచు మీసాలు.
ఎక్కడా ఒక్క గూటం కనబడదు.
"నా ప్లాటేదీ?" అన్నాడొకాయన కాగితం అటూ ఇటూ తిప్పుతూ.
నేను పుస్తకం తెరవలేదు.
"నాలుగో సాలు నుంచి ఇరవై తొమ్మిదో సాలు దాకా, సార్."

ఆయన లెక్కపెట్టడం మొదలెట్టాడు.
కోగో పక్కనే నడుస్తూ చెబుతోంది:
"ఇల్లు కట్టేటప్పుడు వాకిలి వెడల్పుగా వదులు నాయనా.
పై ఏడు గింజలు ఎక్కడ ఎండబోసుకోను?"